పోయినది రాబట్టాలన్న పంతం: బెట్టింగ్ మానేసిన ఒక కబడ్డీ ఆటగాడి సమాధానం

ఒక అక్క అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. తమ్ముడికి 24 ఏళ్లు, రాష్ట్ర స్థాయి కబడ్డీ రైడర్. మోకాలి గాయంతో ఆరు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు ఫోనులో క్రికెట్ బెట్టింగ్ అలవాటైంది. తొమ్మిది లక్షల అప్పు బయటపడితే తండ్రి అర ఎకరం అమ్మి కట్టారు. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ మొదలుపెట్టాడు. చిన్నప్పుడు పుస్తకాలు బాగా చదివేవాడు కాబట్టి మళ్లీ కొనిస్తే మనసు మళ్లుతుందా? ఇలా పడి లేచిన ఆటగాళ్లు ఎవరైనా ఉన్నారా?

నేను డాక్టరును కాను, కౌన్సెలర్‌ను కాను. పదకొండేళ్లు కబడ్డీ ఆడాను, ఆ ఆట పుణ్యమా అని ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వచ్చాక ఐదేళ్లు బెట్టింగ్‌లో ఉన్నాను. 2013 మే తర్వాత ఒక్క రూపాయి పందెం కాయలేదు. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇలాంటి కుర్రాళ్లను తీసుకుని తల్లిదండ్రులు మా ఇంటికి వస్తుంటారు. అలా ముప్ఫై నలభై ఇళ్ల సంగతి దగ్గరగా చూశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

అమ్మా, ముందు మీ తమ్ముడి గురించి ఒక మాట. బుద్ధి లేక ఇలా చేశాడని మీ నాన్నగారు అన్నట్టు రాశారు. అది సగమే నిజం. వాడిని ఆటగాడిగా నిలబెట్టిన గుణమే ఇక్కడ వాడిని ముంచుతోంది. కబడ్డీలో వరుసగా రెండు కూతలు వట్టిగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేకపోతే రైడర్ ఔట్. ముప్ఫై సెకన్లు ఉంటాయి. మాకు చిన్నప్పటి నుంచి కోచ్‌లు నూరిపోసింది ఒక్కటే, వెనకబడ్డప్పుడే తెగించాలి అని. ఆ పాఠం కబడ్డీ గీతల లోపల బంగారం. బెట్టింగ్‌లో అదే విషం. పదివేలు పోతే మామూలు మనిషి గుండె జారి పక్కకు తప్పుకునే అవకాశం ఎంతో కొంత ఉంటుంది. ఆటగాడు మాత్రం ‘ఇంకా రెండో అర్ధభాగం ఉంది’ అనుకుంటాడు. నేను అలాగే అనుకునేవాడిని.

ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. స్టేడియాలు నిండిపోతాయి కానీ ఆడేవాళ్లకు జీతం ఉండదు, పగలు ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ ఆడతారు. మన కబడ్డీవాళ్ల బతుకుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ కథ చెబుతున్నాను. ఆర్మా జట్టులో అషీన్ మెకాన్‌విల్ అనే ఫార్వర్డ్ ఉండేవాడు. 2002లో కెర్రీ జట్టుతో ఫైనల్. మొదటి అర్ధభాగంలో పెనాల్టీ పోగొట్టాడు. ఫైనల్లో పెనాల్టీ పోగొడితే మనిషి కుంగిపోవాలి. ఇతను రెండో అర్ధభాగంలో వచ్చి గోల్ కొట్టాడు. ఆర్మా ఒక్క పాయింటు తేడాతో గెలిచింది, వాళ్ల చరిత్రలోనే అది మొదటి ఆలిండియా లాంటి టైటిల్ (అక్కడ ఆల్ ఐర్లండ్ అంటారు). ఊరంతా నెత్తిన పెట్టుకుంది. ఆ రోజుల్లోనే అతను జూదంలో పీకల దాకా మునిగి ఉన్నాడని చాలామందికి తెలియదు. పెనాల్టీ పోయాక గోల్ కొట్టిన మనిషికి, గుర్రం ఓడిపోయాక ఇంకో గుర్రం మీద కాయకూడదని ఎవరు నేర్పుతారు చెప్పండి? 2005లో చికిత్సా కేంద్రంలో చేరాడు. బయటికి వచ్చి తన కథను పుస్తకంగా చెప్పుకున్నాడు, తర్వాత తనే వ్యసన విముక్తి కౌన్సెలర్ అయ్యాడు. మీ ప్రశ్నకు మొదటి జవాబు అతనే.

రెండో జవాబు పీటర్ షిల్టన్. ఇంగ్లండ్ గోల్‌కీపర్, దేశం తరఫున 125 మ్యాచ్‌లు ఆడాడు. 1986 ప్రపంచ కప్‌లో మారడోనా చేత్తో కొట్టిన గోల్ పడింది ఇతని మీదే. గుర్రప్పందేల పిచ్చి నలభై ఐదేళ్లు ఉంది అతనికి. ఆట నడిచినంత కాలమూ ఉంది, ఆట మానేశాకా ఉంది. స్టెఫ్ అనే ఆమె అతని జీవితంలోకి వచ్చాక ఆ జబ్బును గుర్తించి, ఇది జబ్బని ముఖం మీదే చెప్పి, పక్కన నిలబడింది. 2015లో మానేశాడు. అప్పటికి అరవై ఐదు దాటాయి. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు, ఆ నలభై ఐదేళ్ల గురించి ఇద్దరూ కలిసే పుస్తకం రాశారు. అందులో నాకు నచ్చినది ఆమె పేరు కూడా రచయితగా ఉండటం. ఈ రోగం ఇంట్లో ఒకరికి వచ్చినా పథ్యం ఇద్దరు చేయాలి.

ఈమధ్య కథ కావాలంటే ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడు సాండ్రో తొనాలి ఉన్నాడు. 2023 అక్టోబరులో బెట్టింగ్ నేరం కింద పది నెలలు ఆటకు దూరం పెట్టారు. దానితోపాటు ఎనిమిది నెలల చికిత్స, కనీసం పదహారు సభల్లో కుర్రాళ్లకు తన అనుభవం చెప్పాలన్న షరతు విధించారు. శిక్షలో చికిత్సను కూడా కలపడం మన సంఘాలవాళ్లు నేర్చుకోవలసిన పద్ధతి. 2024 ఆగస్టులో తిరిగి వచ్చాడు, ఆ సీజన్‌లోనే అతని జట్టు న్యూకాసిల్ లీగ్ కప్ గెలిచింది.

ఇక నా ఇంటి సంగతి.

నా బండారం బయటపడింది బ్యాంకు ఉత్తరంతో. నా భార్య చంద్రహారం తాకట్టు పెట్టి పది నెలలైంది, వడ్డీ కట్టలేదు, వేలం నోటీసు ఇంటికి వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి ఆ కాగితం టీవీ మీద ఉంది. ఆమె ఏడవలేదు, అరవలేదు. పిల్ల బడి సంచిలోంచి రాయని నోటు పుస్తకం ఒకటి తీసి, పెన్ను మూత తీసి నా ముందు పెట్టింది. ‘ఎవరెవరికి ఎంతెంత, చెప్పండి, నేను రాస్తాను’ అంది.

ఆ రాత్రి నేను చెప్పిన మొత్తం 4 లక్షల 10 వేలు. ఆమె కింద గీత గీసి తేదీ వేసింది. మర్నాటి రాత్రి మళ్లీ పుస్తకం తెచ్చింది. ‘ఇంకేమైనా గుర్తొచ్చాయా?’ ఆ రాత్రికి మొత్తం 6 లక్షల 85 వేలు అయింది. మళ్లీ గీత, తేదీ. మూడో రాత్రి 11 లక్షల 40 వేలు. ఒక్కసారి కూడా ‘నిన్న ఎందుకు చెప్పలేదు’ అని అడగలేదు. అడిగి ఉంటే మూడో రాత్రి నోరు విప్పేవాడిని కాదు, ఇది ఒట్టేసి చెబుతాను.

మీ తమ్ముడు చెప్పిన తొమ్మిది లక్షలు కూడా మొదటి రాత్రి అంకెలా కనబడుతోంది నాకు. నాలుగు నెలలకే మళ్లీ ఆడటానికి ఒక కారణం ఇదే కావచ్చు. చెప్పని బాకీ ఇంకా ఉంటే అది తీర్చడానికి వాడికి తెలిసిన దారి ఒక్కటే.

ఇప్పుడు అర ఎకరం మాట. భారతంలో ధర్మరాజు జూదమాడటం అందరికీ తెలుసు, రెండుసార్లు ఆడాడన్నది చాలామంది మరచిపోతారు. మొదటి జూదంలో రాజ్యం, తమ్ముళ్లు, తను, ద్రౌపది అందరూ పోయాక ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి, పోయిన సొత్తంతా తిరిగి ఇచ్చేశాడు. ఇంద్రప్రస్థానికి బయలుదేరారు. ఇల్లు చేరకముందే మళ్లీ పిలుపు వచ్చింది. ధర్మరాజు వెనక్కి తిరిగాడు. దాన్ని అనుద్యూతం అంటారు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం వచ్చింది ఆ రెండో ఆటలోనే. మీ నాన్నగారు కన్నప్రేమతో చేశారు, నేను తప్పు పట్టను. కానీ జూదరికి బాకీ మొత్తం ఒకేసారి కట్టిపెడితే వాడికి అందే కబురు ‘స్కోరు మళ్లీ సున్నా, సున్నా’ అని. మిగిలిన పొలం పాసు పుస్తకాలు ఈ రోజే మీ మేనమామ ఇంట్లోనో బ్యాంకు లాకరులోనో పెట్టించండి. ఇక మీదట బాకీలు వాడి సంపాదనలోంచి, వాయిదాల మీద, మీరెవరైనా చేతికి తీసుకుని కట్టాలి. నాకు ఆరేళ్లు పట్టింది. చంద్రహారం మాత్రం వేలంలో పోయింది, తిరిగి రాలేదు.

బాకీలన్నీ ఒకటి కావు. స్నేహితుల చేబదుళ్లు, బ్యాంకు రుణాలు కట్టవలసినవే. బుకీకి, అంటే పందేలు కట్టించుకునేవాడికి, పందెంలో పడ్డ బాకీ అలాంటిది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, దాని మీద అతను కోర్టుకు వెళ్లి వసూలు చేసుకోలేడు. బెదిరిస్తే పోలీసుల దగ్గరికి వెళ్లవలసింది మీరే. లోన్ యాప్‌లవాళ్లు ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామంటే 1930కి ఫోను చేసి సైబర్ నేరం కింద ఫిర్యాదు పెట్టండి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది, నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు ఉంది. మంచిదే. అయితే బెట్టింగ్ ఐడీలు ఇచ్చే ఏజెంటు ఊళ్లోనే ఉంటాడు కాబట్టి చట్టం వచ్చిందని మీరు నిశ్చింతగా కూర్చోవద్దు.

ఒక సంగతి వాడిని ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. కబడ్డీ మ్యాచ్‌ల మీద కూడా కాశాడా? జట్టు సమాచారం ఎవరైనా అడిగారా? బాకీ పడ్డ ఆటగాడి దగ్గరికి బుకీ డబ్బు కోసం రాడు, కబురు కోసం వస్తాడు. ‘ఫలానా రైడర్ మోకాలు ఎలా ఉంది’ అన్న చిన్న ప్రశ్నతో మొదలవుతుంది. అక్కడ ఒక్క జవాబిచ్చినా ఆట జీవితం అయిపోయినట్టే. అలాంటిదేమైనా ఉంటే దాచకుండా నమ్మకమున్న కోచ్ ఒక్కరికి చెప్పించండి.

వాడి చేతిలోని టచ్ ఫోను తీసేసి మీటల ఫోను ఇవ్వండి. జీతమో స్టైపెండో మీ ఖాతాలో పడాలి. నాకు రోజుకు యాభై రూపాయలు ఇచ్చేది మా ఆవిడ. మొదటి నెలలో పెట్రోలు పేరు చెప్పి వంద అదనంగా తీసుకుని బండిని ఖాళీగా తిప్పాను. ఆమె మీటరు చూసి లెక్క కట్టింది, కిలోమీటర్లు చాలలేదు. మర్నాటి నుంచి పెట్రోలు కూడా ఆమే పోయించింది. ఊళ్లో జాతీయ స్థాయి ఆటగాడినని పేరున్నవాడిని, బంకు దగ్గర వెనక సీట్లో భార్య కూర్చుని డబ్బు లెక్కపెడుతుంటే తల దించుకుని నిలబడ్డాను. ఇప్పుడు నవ్వొస్తుంది.

పుస్తకాల గురించి అడిగారు కదా, అక్కడికి వస్తున్నాను. పుస్తకం చదివితే బుద్ధి వస్తుందన్న నమ్మకం నాకు లేదు. నీతి శతకాలు నోటికి వచ్చిన పేకాటరాయుళ్లను నేనే చూశాను. పుస్తకం చేసే పని వేరు. నా రోజుల్లో ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యేది. ఏడున్నరకు నా అరచేతులు చెమట పట్టేవి, పందెం కాసినా, కాయకపోయినా. ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా ఆ మూడున్నర గంటలు ఎక్కడ పెట్టాలో తెలియని మనిషికి ఉపదేశాలెందుకు?

మా మామగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ నెలలో మా ఇంటికి వచ్చారు. ఒక కంట్లో శుక్లానికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను బాగానే ఉంది, చదువుకోలేని మనిషేమీ కాదు. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా సరిగ్గా ఎనిమిదింటికి నన్నయ భారతం తెచ్చి నా ఒళ్లో పెట్టి, ‘కన్ను లాగుతోంది, కాస్త చదివిపెట్టు నాయనా’ అన్నారు. అసలు విషయం ఆయన ఒక్కసారీ ఎత్తలేదు.

చదవడం మొదలుపెడితే పదాలు ఎక్కడ విరగాలో నాకు తెలియలేదు. ఒక పద్యం పది నిమిషాలు. కూత పెట్టి పెట్టి ఊపిరికి మాత్రం లోటు లేదు కాబట్టి పెద్ద సీసపద్యం పాదాన్ని కూడా ఒక్క గుక్కలో లాగేసేవాడిని. ‘ఊపిరి బ్రహ్మాండంగా ఉంది, తెలుగే బాగాలేదు. యతి దగ్గర ఆగు’ అనేవారు. ఆగడం నాకు రాదు. ఆటలోనూ రాలేదు, పందెంలోనూ రాలేదు. అక్కడ మొదటిసారి ఆగడం నేర్చుకున్నాను, అదీ అక్షరాల మధ్య. ఒక రాత్రి పద్యానికి అర్థం తేలక ఇద్దరం నిఘంటువు తిరగేస్తుంటే బయట ఎవరో కేకలు వేశారు. మ్యాచ్ అయిపోయింది. ఎవరు గెలిచారో నాకు తెలియదు. తెలియకుండా ఒక మ్యాచ్ దాటడం ఐదేళ్లలో అదే మొదలు.

మీకు చెప్పదలచుకున్న రహస్యం ఇంతే. చదువులో స్కోరు లేదు. గెలవరు, ఓడరు, పోయినది రాబట్టేది ఏమీ ఉండదు. ఆటగాడికి అలాంటి పని ఒక్కటి కూడా అలవాటు ఉండదు.

అన్ని పుస్తకాలూ మేలు చేయవు, జాగ్రత్త. అరణ్యపర్వంలో నలుడి కథ వచ్చింది. కలి ఆవహించిన నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని అడవిపాలై, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుతాడు. ఆ రాజు దగ్గర అక్షహృదయం, అంటే పాచికల మర్మం నేర్చుకుని, తిరిగి వచ్చి మళ్లీ జూదమాడి రాజ్యం గెలుచుకుంటాడు. ఆ ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. పుణ్యం కోసం చదివిన భారతం నాకు ‘మర్మం తెలిస్తే గెలుస్తావు’ అని చెవిలో చెప్పింది! పొద్దున్నే మామగారికి చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘కలి నలుణ్ణి వదిలి ఏ చెట్టెక్కాడో చూశావా?’ అని అడిగారు. తాండ్ర చెట్టు. త్రిఫలాల్లో వేసే తానికాయ కాసే చెట్టు. వేదకాలంలో జూదమాడింది ఆ కాయలతోనే అని చెప్పి, ఋగ్వేదం పదో మండలంలో జూదరి గురించిన సూక్తం ఒకటి వివరించారు.

అందులో జూదరి తనే మాట్లాడతాడు. అత్త అసహ్యించుకుంటుంది, భార్య దగ్గరికి రానివ్వదు. అప్పులవాళ్లు వస్తే తండ్రి, తల్లి, అన్నదమ్ములు ‘వీడెవడో మాకు తెలియదు, కట్టి తీసుకుపొండి’ అంటారు. ఇక ఆడనని ఒట్టుపెట్టుకుంటాడు, కాయలు గలగలమన్న చప్పుడు వినగానే లేచి పోతాడు. ఆ పాచికలకు చేతులు లేవు, చేతులున్నవాడిని లొంగదీస్తాయి. చివర్లో ఒక మాట ఉంది: పాచికలాడకు, పొలం దున్నుకో. మూడు వేల ఏళ్ల నాటి ఆ మనిషి నా నోటు పుస్తకం చదివి చెప్పినట్టుంది. నా పక్క వీధివాడు అనిపించాడు. అప్పటిదాకా లోకంలో ఇంత సిగ్గుమాలిన పని చేసినవాడిని నేనొక్కడినే అనుకున్నాను.

కాబట్టి ‘విజయం నీదే’ తరహా పుస్తకాలు కొనివ్వకండి. ఓడి గెలిచిన క్రీడాకారుల ఆత్మకథలు కూడా మొదటి ఏడాది వద్దు, వాటి నిండా ఉండేది రెండో అర్ధభాగమే. ఫోనులో చదవడం అసలే వద్దు. పొడుగాటి నవల, పల్లెకథలు, ప్రయాణాల పుస్తకం, ఏదైనా ఫరవాలేదు, కాగితం మీద ఉండాలి, పైకి చదవాలి, వినే మనిషి ఒకరు ఉండాలి. మీ నాయనమ్మగారు ఉన్నారని రాశారు, ఆవిడ కన్నా మంచి శ్రోత దొరకరు. మీ మండలంలో శాఖా గ్రంథాలయం ఉంటే సాయంత్రం ప్రాక్టీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్లే ఏర్పాటు చేయండి. ప్రాక్టీసు మాత్రం మాన్పించవద్దు. గాయంతో ఖాళీగా ఉన్నప్పుడే కదా మొదలైంది.

పుస్తకం, ఇల్లు సరిపోతాయని అనుకోవద్దు. నేను ఏడాదిపాటు నెలకోసారి మానసిక వైద్యుణ్ణి కలిశాను. జూదాన్ని వైద్యశాస్త్రం మద్యంలాగే వ్యసనాల వరుసలో చేర్చింది. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవవాళ్లు తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళైనా మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ అలవాట్లకు ప్రత్యేక క్లినిక్ ఉంది. వాడు ‘నేను లేకపోతే మీకు పీడ వదులుతుంది’ అన్నట్టు ఎప్పుడైనా మాట్లాడితే దాన్ని బెదిరింపు అనుకోకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, అప్పుడే ఫోను చేయండి. నేను ఒక రాత్రి రైలు పట్టాల దాకా వెళ్లి వచ్చినవాడిని.

ఇక నోటు పుస్తకం మీరు రాయండి, నాన్నగారు కాదు. ఆయన ముందు వాడు మొత్తం చెప్పలేడు. మూడు రాత్రులు రాశాక కొన్ని పేజీలు ఖాళీగా వదలండి. మా ఆవిడ వదిలింది. రెండు నెలల తర్వాత అందులో నేనే ఒక వరుస రాశాను: మా జట్టులో కొత్తగా చేరిన కుర్రాడు, బూట్లు కొనుక్కోవడానికి దాచుకున్న డబ్బుతో కలిపి, ముప్ఫై వేలు. లక్షల బాకీలు చెప్పగలిగిన నోటికి అది రాలేదు. ఆమె చూసి, కింద గీత గీసి, తేదీ వేసింది.